సొంత ఆసుపత్రి ఉన్న వెటర్నరీ కాలేజా, బయటి క్లినిక్‌లకు పంపే కాలేజా?

లేతచిగురు:
అందరికీ నమస్కారం. ఈ సెప్టెంబరులో వీఎంసీఏఎస్‌లో దరఖాస్తు పెడుతున్నాను. అమెరికాలోని వెటర్నరీ కాలేజీలకు, బయటి దేశాల్లోని కొన్నిటికి కలిపి ఉన్న ఉమ్మడి దరఖాస్తు అది. కాలేజీల జాబితా కుదిస్తూ ఒక్కచోట ఆగిపోయాను. కొన్నిటికి సొంత టీచింగ్ హాస్పిటల్ ఉంది. కొన్నిటికి లేదు, ఆఖరి ఏడాది బయటి క్లినిక్‌లకు, డెయిరీలకు, షెల్టర్లకు పంపుతారు. నాకు తెలిసిన డాక్టరుగారు ఒకరు "సొంత ఆసుపత్రి లేనిచోట చేరకు" అని గట్టిగా చెప్పారు. మీరేమంటారు?

రాత్రిడ్యూటీ:
మీ డాక్టరుగారి మాటే నాదీ. నా ఆఖరి ఏడాదిలో ఓ రాత్రి రెండింటికి గుర్రప్పిల్లను తెచ్చారు. పుట్టి ఒక రోజు కావస్తోంది, తల్లి ముర్రుపాలు తాగలేదు. రక్తంలో ఐజీజీ, అంటే ముర్రుపాల నుంచి అందాల్సిన యాంటీబాడీ, చూస్తే దాదాపు లేదు. ఆ వయసుకి పేగు యాంటీబాడీలను పీల్చుకోవడం మానేస్తుంది, ఇక పాలు పట్టి లాభం లేదు, ప్లాస్మా నరంలోకి ఎక్కించాల్సిందే. మా మేడమ్ నా పక్కనే నేలమీద కూచున్నారు. మొదట చుక్కచుక్కగా ఎందుకు వదలాలో, వణుకూ ఆయాసమూ కనిపిస్తే వెంటనే ఎందుకు ఆపాలో చెబుతూ, క్లాంపు మాత్రం నా చేతిలోనే ఉంచారు. తెల్లారేసరికి ఆ పిల్ల లేచి నిలబడింది. ఒకే కప్పు కింద స్పెషలిస్టు, ల్యాబు, రాత్రంతా మనుషులు ఉంటేనే ఇలాంటి చదువు దొరుకుతుంది. మామూలు క్లినిక్‌లో అయితే ఆ కేసును రిఫర్ చేసి పంపేసేవారు, విద్యార్థికి దాని ముగింపే తెలిసేది కాదు.

గడ్డివాము:
రాత్రిడ్యూటీ గారూ, మీ చివరి వాక్యాన్నే తిప్పి చూడండి. టీచింగ్ హాస్పిటల్‌కు ఎక్కువగా వచ్చేవి రిఫరల్ కేసులు. అంటే మొదటి పరీక్ష, మొదటి అనుమానం, యజమానితో మొదటి మాట, అన్నీ బయటే అయిపోయి ఉంటాయి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం మన బల్లమీదికి వచ్చేవి చెవిలో చీము, చర్మం దురద, రెండు రోజుల వాంతులు, పుచ్చిన పళ్లు, టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు.

నేను సొంత ఆసుపత్రి లేని కాలేజీలోనే చదివాను. షెల్టర్‌లో చేసిన మొదటి ఆడకుక్క ఆపరేషన్ ఇప్పటికీ నా వేలికి గుర్తుంది. అండాశయాన్ని లోపలికి లాగిపట్టే లిగమెంటు ఒకటుంటుంది. చూపుడువేలితో దాన్ని మెల్లగా సాగదీస్తూ పోతే ఒక్కసారిగా తీగ వదులైనట్టు తెలుస్తుంది. తొందరపడితే పక్కనున్న రక్తనాళం చిరుగుతుంది. ఎంత లాగితే చాలో పుస్తకం చెప్పలేదు, పదోసారికి నా వేలే చెప్పింది.

ఇది నిన్నమొన్నటి ప్రయోగమూ కాదు. కాలిఫోర్నియాలో పొమోనాలోని వెస్టర్న్ యూనివర్సిటీ ఈ పద్ధతిలో 2003లోనే మొదటి బ్యాచ్ తీసుకుంది. కెనడాలో కాల్గరీ 2008లో. రెండింటికీ అమెరికా పశువైద్యుల సంఘం ఏవీఎంఏ గుర్తింపు ఉంది. ఇంకా వెనక్కి పోతే, 1761లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో క్లోద్ బూర్జెలా మొదటి వెటర్నరీ పాఠశాల పెట్టడానికి పశువుల మహమ్మారి రిండర్‌పెస్ట్ ఒక పెద్ద కారణం. అక్కడి విద్యార్థులను తెగులు సోకిన పల్లెలకే పంపారు.

రాత్రిడ్యూటీ:
పంపడం తప్పనను. ఎవరి దగ్గరికి పంపుతున్నారన్నదే నా భయం. ఒక క్లినిక్‌లో ఓపికగల గురువు దొరుకుతారు, ఇంకో క్లినిక్‌లో నెల పొడవునా కుక్కను పట్టుకోవడానికే వాడుకుంటారు. మా ఆసుపత్రిలో పాఠం చెప్పడమే వాళ్ల ఉద్యోగం. బయటి డాక్టరుకు గంటకు నాలుగు కేసులు చూడటం ఉద్యోగం, పాఠం తీరిక ఉంటేనే.

గడ్డివాము:
అది నిజమే, ఒప్పుకుంటున్నా. నాకూ అలాంటి మూడు వారాలు పోయాయి. కాలేజీకి రాస్తే వేరేచోటికి మార్చారు గానీ పోయిన వారాలు తిరిగి రాలేదు.

నాలుగోఏడాది:
నేను ఇప్పుడు పెద్ద ఆసుపత్రి ఉన్న కాలేజీలో ఆఖరి ఏడాదిలో ఉన్నాను. పేరు చెప్పను. భవనం చూసి మురిసిపోయి చేరాను. సర్జరీ రొటేషన్‌లో బల్ల దగ్గర సర్జన్, ఎదురుగా రెసిడెంట్, పక్కన ఇంటర్న్, వాళ్ల భుజాల మధ్యలోంచి తొంగిచూస్తూ నేను. రెండు వారాల్లో నేను చేసింది చర్మం కుట్లు మాత్రమే, అదీ రెండుసార్లు. ఇంటికొచ్చి ఏడ్చిన రోజులున్నాయి.

అందుకే లేతచిగురు గారూ, ఆసుపత్రి ఉందా లేదా అని కాదు, అక్కడ సూది ఎవరి చేతిలో ఉంటుందని అడగండి. ఒక్కో విద్యార్థి ప్రధాన సర్జన్‌గా ఎన్ని ఆపరేషన్లు చేసి బయటికొస్తారు? రిఫరల్ విభాగాలతో పాటు మామూలు జబ్బులు చూసే కమ్యూనిటీ ప్రాక్టీస్ ఉందా? అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో అలాంటిది ఉంది. సొంత ఆసుపత్రి లేని కాలేజీనైతే, క్లినిక్‌లను ఎవరు తనిఖీ చేస్తారు, విద్యార్థుల ఫిర్యాదుతో ఎప్పుడైనా ఒక క్లినిక్‌ను తీసేశారా అని అడగండి. ఈ ఆఖరి ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే కాలేజీ నాకు నచ్చుతుంది. వీటిని అడ్మిషన్ ఆఫీసును కాదు, ఆఖరి ఏడాది వాళ్లను అడగండి.

ఇంకోటి. లైసెన్సు కోసం రాసే నావ్లీ పరీక్షలో 360 ప్రశ్నలుంటాయి. ఏవీఎంఏ గుర్తింపు ఉన్న అమెరికా కాలేజీలు ఆ ఫలితాలను తమ వెబ్‌సైటులో పెట్టాలి. ఒక్క ఏడాది కాదు, నాలుగైదేళ్లవి వరుసగా చూడండి. ర్యాంకుల జాబితాల కన్నా అది నమ్మదగ్గది.

లేతచిగురు:
చాలా థాంక్స్ అండీ. ఒక చిన్న సందేహం. షెల్టర్‌లో ఏడాదిగా బోనులు కడుగుతున్నాను, పిల్లులకు మందులు వేస్తున్నాను. ఇది వెటర్నరీ అనుభవం కిందికి వస్తుందా?

గడ్డివాము:
డాక్టరు పర్యవేక్షణలో చేసిన గంటలే వెటర్నరీ అనుభవం. మిగతాది జంతువులతో అనుభవం. దరఖాస్తులో రెండూ వేరువేరు గడులు, కలిపేయకండి. ఈ రోజు నుంచే ఒక నోటు పుస్తకం పెట్టండి: తేదీ, గంటలు, ఎవరి దగ్గర, ఏ జంతువు, ఆ రోజు మిమ్మల్ని కదిలించింది ఏమిటి. ఇంటర్వ్యూలో "కష్టమైన సందర్భం చెప్పండి" అంటే వెతుక్కోనక్కర్లేదు. సిఫారసు లేఖలు రాసే డాక్టరుకూ కనీసం రెండు నెలల ముందే చెప్పండి. మిమ్మల్ని ఒక్క నెల చూసిన పెద్ద పేరు కన్నా ఏడాది చూసిన చిన్న క్లినిక్ డాక్టరు లేఖ బరువుగా ఉంటుంది.

రాత్రిడ్యూటీ:
లేఖల విషయంలో గడ్డివాము గారితో ఏకీభవిస్తున్నా. మొదటి ప్రశ్నలో మాత్రం నా మాట మారలేదు. పెద్ద జంతువుల వైపు వెళ్లాలని ఉంటే మరీ చెబుతున్నా, గుర్రాల విభాగం రాత్రిపూట తెరిచి ఉండే కాలేజీ ఒక్కటైనా జాబితాలో ఉంచండి.

లేతచిగురు:
ఉంచుతానండీ. నాలుగోఏడాది గారి ప్రశ్నలు రాసుకున్నాను. రెండు రకాల కాలేజీల్లోనూ ఆఖరి ఏడాది వాళ్లకు ఈ వారమే మెయిల్ పెడుతున్నాను. జవాబులు రాగానే ఇక్కడే పెడతాను.