చేతులు కీబోర్డు మీద లేనప్పుడే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోంది

అచ్చుతప్పు (ప్రశ్న)

నమస్కారం. పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా పని. రోజులో ఎక్కువ భాగం తెర మీది పేజీని చూస్తూ కూర్చుంటాను, కీబోర్డు మీద చెయ్యి పడేది తక్కువ. నా డెస్క్‌టాప్ సరిగ్గా ఆ చూసే సమయంలోనే తెర నల్లబడి మళ్లీ మొదటి నుంచి బూట్ అవుతోంది. నీలి తెర రాదు, హెచ్చరిక రాదు, ఫ్యాన్ శబ్దంలో కూడా తేడా ఉండదు. ఉన్నట్టుండి మదర్‌బోర్డు బొమ్మ ప్రత్యక్షమవుతుంది.

అలవాటు కొద్దీ లెక్క రాసిపెట్టాను. ఏడు వారాల్లో 17 సార్లు. వాటిలో 13 సార్లు నేను ఏమీ చేయడం లేదు, ఒక పీడీఎఫ్ తెరిచి ఉంది, అంతే. రెండుసార్లు బ్రౌజర్‌లో కొత్త ట్యాబ్ తెరిచిన క్షణంలో. మిగతా రెండూ నేను నిద్రలో ఉండగా. పొద్దున లేచి చూస్తే లాగిన్ తెర ఎదురైంది.

విచిత్రం ఏమిటంటే బరువైన పని ఇస్తే దానికి ఏమీ కాదు. ప్రధాన సంఖ్యలు వెతుకుతూ ప్రాసెసర్‌ను గట్టిగా పరీక్షించే ప్రైమ్95ను రాత్రంతా, మొత్తం 9 గంటలు నడిపాను. ఎనిమిది కోర్లూ (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) నిండుగా పనిచేశాయి, ఉష్ణోగ్రత 82 డిగ్రీలు దాటలేదు, ఒక్క తప్పు చూపలేదు. దాన్ని ఆపి కుర్చీలో వెనక్కి వాలాను. పది నిమిషాలకు రీస్టార్ట్ అయింది. నన్ను వెక్కిరించినట్టే అనిపించింది.

యంత్రం వివరాలు: 8 కోర్లు, 16 థ్రెడ్ల ప్రాసెసర్, 16 జీబీ చొప్పున రెండు డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు, ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ సెట్టింగు పెట్టి 3600 వేగంలో, విండోస్ 11. ఇప్పటివరకు విండోస్ మళ్లీ ఎక్కించాను. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నాలుగు విడతలు నడిపాను, తప్పులు లేవు. 650 వాట్ల పవర్ సప్లై తీసేసి కొత్తగా 750 వాట్లది పెట్టాను, మరుసటి రోజే మళ్లీ రీస్టార్ట్ అయింది. ఇక మార్చడానికి మిగిలినవి మదర్‌బోర్డు, ప్రాసెసర్, నేను. ఏ వరుసలో మార్చమంటారు?

పాతస్క్రూ

మీరు ఆ వరుసలో చివర ఉన్నారు, కంగారు పడకండి. ముందు ఇంకేమీ కొనకండి.

ఈవెంట్ వ్యూయర్ (విండోస్ రాసుకునే లాగులను, అంటే సంఘటనల చిట్టాను చూపేది) తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ విభాగం చూడండి. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అని ఒక ఎర్ర గుర్తు తప్పకుండా ఉంటుంది. అందరూ దాన్ని చూసి 'పవర్' అనే మాట పట్టుకుని పవర్ సప్లై కొంటారు. మీరూ అదే చేశారేమో. ఆ 41 చెప్పేది ఒకటే: క్రితంసారి సిస్టమ్ పద్ధతిగా మూతపడలేదని. అది కారణం కాదు, మరణ ధ్రువీకరణ పత్రం. కరెంటు పోయినా అదే రాస్తుంది, రీసెట్ బటన్ నొక్కినా అదే రాస్తుంది.

దాని చుట్టుపక్కల, అంటే తిరిగి బూట్ అయిన నిమిషంలో, డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (హార్డ్‌వేర్ తప్పులు నమోదు చేసేది) అనే పేరుతో 18వ నంబరు ఈవెంట్ ఉందేమో చూడండి. ఉంటే దాని లోపలి వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ రాయండి. ముఖ్యంగా ఎర్రర్ టైప్, ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ (తప్పు ప్రాసెసర్‌లో ఎక్కడ జరిగిందో చెప్పే అంకె). ఒకటి కాదు, 17 ఉంటే 17.

తీగలపందిరి

లాగులు చదివే ముందు ఒక్క నిమిషం పని చెబుతాను. కేసు ముందుభాగం నుంచి మదర్‌బోర్డుకు వచ్చే సన్నటి తీగల్లో రీసెట్ బటన్‌ది లాగేయండి. బటన్ లోపల ఇరుక్కుపోయి, తనంతట తాను తాకుతూ ఉన్న కేసులు నేను మూడు చూశాను. ఒకదానిలో అయితే పక్క గదిలో తలుపు గట్టిగా వేస్తే చాలు, కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యేది.

ఇంకొకటి. పాత పవర్ సప్లై పారేయకండి, అది నిర్దోషి కావచ్చు. 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలని ఏటీఎక్స్ నియమం. దాన్ని మల్టీమీటర్‌తో చూడాలి. సాఫ్ట్‌వేర్ చూపే అంకెలను నమ్మకండి, 12 వోల్టుల లైను 8 వోల్టుల్లో ఉందని చెబుతూనే చక్కగా పనిచేసే బోర్డులు చూశాను.

అచ్చుతప్పు

రీసెట్ తీగ లాగేశాను. నాలుగు గంటల తర్వాత 18వ సారి రీస్టార్ట్ అయింది. బటన్ నిర్దోషి.

లాగు చూశాను. పాతస్క్రూ గారూ, మీరు చెప్పింది ఉంది. విండోస్ మళ్లీ ఎక్కించడం వల్ల పాతవి పోయాయి, ఆ తర్వాతివి తొమ్మిది దొరికాయి. తొమ్మిదింటిలోనూ ఒకే మాట: రిపోర్టెడ్ బై ప్రాసెసర్ కోర్, మెషీన్ చెక్ ఎక్సెప్షన్, క్యాష్ హైరార్కీ ఎర్రర్. ఏపీఐసీ ఐడీ ఐదుసార్లు 10, నాలుగుసార్లు 11. వేరే అంకె ఒక్కటీ లేదు.

దీన్ని బట్టి నా ప్రాసెసర్ పోయినట్టేనా?

పాతస్క్రూ

పోలేదు. ఇంత శుభ్రమైన లాగు చాలా రోజుల తర్వాత చూస్తున్నాను.

మీ ప్రాసెసర్‌లో ఒక్కో కోర్‌కు రెండు థ్రెడ్లు. 8 కోర్లలో ఏపీఐసీ ఐడీలు 0 నుంచి 15 వరకు వస్తాయి. 0, 1 మొదటి కోర్‌వి. 2, 3 రెండోదానివి. 10, 11 రెండూ ఒకే కోర్‌వి. సున్నా నుంచి లెక్కిస్తే అది 5వ కోర్. తొమ్మిదికి తొమ్మిది సార్లూ తడబడింది అదొక్కటే. ర్యామ్ తప్పు అయితే సాధారణంగా ఇంత పట్టుదలగా ఒకే కోర్ మీద పడదు. పవర్ సప్లై తప్పు అయితే చాలాసార్లు ఈ 18 కూడా రాయదు, 41 ఒక్కటే మిగులుతుంది.

ఇప్పుడు నిజం చెప్పండి. బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, కర్వ్ ఆప్టిమైజర్ (ఏఎండీ ప్రాసెసర్లలో కోర్ల వోల్టేజీని సవరించేది) ముట్టుకున్నారా?

అచ్చుతప్పు

ముట్టుకున్నాను. ఏడాదిన్నర కిందట, ఫ్యాన్ రొద తగ్గించుకోవడానికి. అన్ని కోర్లకూ కలిపి నెగటివ్ 15. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు కాబట్టి మొదటి ప్రశ్నలో రాయలేదు. నిజానికి మరిచిపోయాను కూడా. రెండు నెలల కిందట బయాస్ అప్‌డేట్ చేసినప్పుడు సెట్టింగులన్నీ చెరిగిపోతే, నోటుపుస్తకం చూసి మళ్లీ పెట్టాను.

(పావుగంట తర్వాత) బయాస్‌లోకి వెళ్లి చూసి వచ్చాను. అక్కడ 25 ఉంది. నోటుపుస్తకంలో 15. నా దస్తూరీలో ఒకటికి పైన కొక్కెం, కింద గీత ఉంటాయి; తొందరలో చూస్తే రెండులా కనబడుతుంది. పాతికేళ్లుగా ఇతరుల అచ్చుతప్పులు పట్టుకుంటున్న మనిషిని. ఈ సంగతి ఈ చర్చ దాటి బయటకు వెళ్లదని నమ్ముతున్నాను.

పాతస్క్రూ

బయటకు వెళ్లదు. కానీ మీరు పెట్టుకున్న పేరు ఇప్పుడు మరింత నప్పింది.

తొమ్మిది గంటల పరీక్షలో నిలబడినది, మీరు ఊరికే పేజీ చూస్తుంటే ఎందుకు పడిపోతోందో చెబుతాను. దీన్ని తలకిందులుగా అర్థం చేసుకునేవాళ్లే ఎక్కువ. ఎనిమిది కోర్లకూ ఒకేసారి పని ఇస్తే కరెంటు పరిమితి, వేడి పరిమితి అడ్డుపడి ప్రతి కోర్ వేగమూ తగ్గుతుంది. ఏ 4.4 గిగాహెర్ట్జ్ దగ్గరో కుదురుకుంటుంది. ఆ వేగానికి వోల్టేజీ కాస్త తక్కువైనా కోర్ నెట్టుకొస్తుంది. మీరు ఖాళీగా ఉన్నప్పుడు కోర్లన్నీ నిద్రలో ఉంటాయి. వెనక ఏదో చిన్న పని వస్తుంది, ఒక ఈమెయిల్ తనిఖీ, ఒక ట్యాబ్ కదలిక. వెంటనే ఒకే ఒక్క కోర్ నిద్ర లేచి, మిగతావి వాడని కరెంటంతా తనదే కాబట్టి, రెప్పపాటులో 4.8కో ఆ పైకో దూకుతుంది. ఆ శిఖరం దగ్గరే వోల్టేజీ అత్యంత కచ్చితంగా ఉండాలి. మీరు కోత పెట్టింది అక్కడే.

కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. 25 అంటే 75 నుంచి 125 మిల్లీవోల్టుల కోత. మీ ఎనిమిది కోర్లలో ఏడు దాన్ని భరించాయంటే అదృష్టమే. భరించలేనిది 5వది. అది మీ చిప్‌లో అన్నింటికన్నా మంచి కోర్ అయినా నేను ఆశ్చర్యపోను. మంచి కోర్ అంటే తక్కువ వోల్టేజీకే ఎక్కువ వేగం ఇచ్చేది. ఫ్యాక్టరీలోనే దానికి వోల్టేజీ తక్కువగా రాసిపెట్టి ఉంటుంది, ఇంకా కోయడానికి కండ మిగలదు. పైగా విండోస్ చిన్న పనులన్నీ ఏరికోరి ఆ మంచి కోర్‌కే అప్పగిస్తుంది. ఇంట్లో పని బాగా చేసేవాడికే అన్ని పనులూ పడ్డట్టు.

చేయవలసింది ఇది. మొదట కర్వ్ ఆప్టిమైజర్ పూర్తిగా తీసేయండి, ఎక్స్ఎంపీ అలాగే ఉంచండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది దోషో ఎప్పటికీ తెలియదు. మీకు సగటున మూడు రోజులకు ఒకసారి వస్తోంది కాబట్టి రెండు రోజులు బాగుంటే బాగుపడినట్టు కాదు. కనీసం రెండు వారాలు ఆగండి. తర్వాత కోత కావాలంటే కోర్ వారీగా పెట్టండి, అన్నింటికీ ఒకే అంకె వద్దు. పరీక్షకు కోర్‌సైక్లర్ అనే చిన్న స్క్రిప్ట్ ఉంది. అది ప్రైమ్95నే నడుపుతుంది, కానీ ఒకసారికి ఒక్క కోర్ మీదే. అప్పుడు ఆ కోర్ నిజంగా శిఖరం దాకా వెళ్తుంది.

ఇంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి. లాగులో దొరికిన తొమ్మిది సార్లూ ప్రాసెసర్ తన తప్పును తానే పట్టుకుంది. పట్టుకోలేకపోయినవి ఎన్నో మనకు తెలియదు. వోల్టేజీ చాలని కోర్ ఒక్కోసారి కూలిపోకుండా లెక్క తప్పు చేసి, ఆ తప్పునే ఫైలులో రాసి ఊరుకుంటుంది. ప్రైమ్95 లాంటివి పరీక్షకు పనికొచ్చేది అందుకే, సరైన జవాబు ముందే తెలిసిన లెక్కలు చేయించి పోల్చి చూస్తాయి. 1994లో పెంటియమ్ చిప్‌లోని భాగహారం తప్పు బయటపడింది కూడా ప్రధాన సంఖ్యల వల్లే. థామస్ నైస్లీ అనే గణిత ఆచార్యుడు కవల ప్రధాన సంఖ్యల (3, 5 లాగా రెండే తేడా ఉన్న జంటల) విలోమాలు కూడుతుంటే జవాబులు పొసగలేదు. అది చిప్ రూపకల్పనలోని తప్పు, మీది మీ చేతి తప్పు. రెండింటిలోనూ చిప్ మాత్రం ఏమీ ఎరగనట్టే ఉంటుంది. ఈ రెండు నెలల్లో మీరు చేసిన జిప్ ఫైళ్లు, బ్యాకప్‌లు ఒకసారి తెరిచి సరిచూసుకోండి.

తీగలపందిరి

ఇంత దూరం ఎందుకు? బయాస్‌లో గ్లోబల్ సీ-స్టేట్ కంట్రోల్ ఆపేస్తే కోర్లు గాఢ నిద్రలోకి వెళ్లవు. పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్‌ను టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మార్చినా చాలు. నాకు తెలిసిన ఇద్దరికి దానితోనే ఆగిపోయింది.

పాతస్క్రూ

ఆగిపోవచ్చు. అన్నీ ఫ్యాక్టరీ సెట్టింగుల్లో ఉండి కూడా ఖాళీగా ఉన్నప్పుడు పడిపోయే యంత్రానికి మీ సలహా మంచిదే, నేనూ అదే చెబుతాను. కానీ ఇక్కడ వోల్టేజీ మనమే కోశామని తెలుసు. కోత అలాగే ఉంచి నిద్ర మాన్పించడం, పైకప్పు కారుతుంటే కింద గిన్నె పెట్టడం లాంటిది. తప్పుడు లెక్కల భయం ఎక్కడికీ పోదు.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట, ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లున్నవాళ్లకు. మీ కథ దీనికి తలకిందులు. అక్కడ సమస్య వోల్టేజీ ఎక్కువ కావడం. చిప్ లోపలి మైక్రోకోడ్ (చిప్‌ను నడిపే సూచనలు) అవసరానికి మించి వోల్టేజీ అడగడం వల్ల కోర్లు క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుంది. ఆ ఏడాది ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి అనే మైక్రోకోడ్‌లు వచ్చాయి, వారంటీని రెండేళ్లు పొడిగించారు. బయాస్ అప్‌డేట్ చేస్తే ఇకపై నష్టం ఆగుతుంది. ఇప్పటికే దెబ్బతిన్న చిప్ మాత్రం బాగుపడదు, దాన్ని మార్పించుకోవాల్సిందే.

అచ్చుతప్పు (24 రోజుల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి. రెండు వారాలు ఆగమన్నారు, ఆగాను.

కర్వ్ ఆప్టిమైజర్ తీసేసిన 15 రోజుల్లో ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాలేదు, కొత్త 18 ఈవెంట్ లేదు. ఫ్యాన్ రొద మాత్రం తిరిగి వచ్చింది. అది భరించలేక కోర్ వారీగా మొదలుపెట్టాను. అన్నింటికీ 15 పెట్టి కోర్‌సైక్లర్‌ను కోర్‌కు 20 నిమిషాల చొప్పున నడిపాను. 5వ కోర్ దగ్గరకు రాగానే మూడో నిమిషంలో లెక్క తప్పింది. అంటే ఏడాదిన్నర పాటు 'ఏ ఇబ్బందీ లేదు' అనుకున్న 15 కూడా ఇప్పుడు దానికి సరిపోవడం లేదు. అప్పుడైనా సరిపోయిందా, లేక నేను గమనించలేదా అన్నది ఇక తేల్చలేను. ఇప్పుడు 5వ కోర్‌కు 4, మిగతావాటికి 12. రెండు రాత్రులు వరసగా నడిపాను, తప్పుల్లేవు. మీరన్నట్టే విండోస్ నా చిప్‌లో మొదటి ర్యాంకు ఇచ్చింది ఆ 5వ కోర్‌కే.

బ్యాకప్‌లు చూశాను. 61 జిప్ ఫైళ్లలో రెండు తెరుచుకోలేదు. ఒకటి పాత ప్రూఫు, పోతే పోయింది. రెండోది అచ్చుకు వెళ్లాల్సిన పుస్తకం చివరి ప్రతి. అసలు ఫైలు వేరే డిస్కులో ఉండబట్టి బతికిపోయాను. ఆ రెండూ 5వ కోర్ చలవేనా అంటే రుజువు లేదు, కానీ రెండింటి తేదీలూ బయాస్ అప్‌డేట్ తర్వాతివే.

మొన్న సాయంత్రం ఒక్కసారి రీస్టార్ట్ అయింది. గుండె జారిపోయింది. లాగు తెరిస్తే 41 ఒక్కటే, 18 లేదు. అదే క్షణంలో గదిలో దీపం కూడా ఆరి వెలిగిందని తర్వాత గుర్తొచ్చింది. తీగలపందిరి గారూ, యూపీఎస్ గురించి వేరే ప్రశ్న వేస్తాను, అక్కడ కలుద్దాం. పాత 650 వాట్ల పవర్ సప్లైని తిరిగి బిగించాను. నోటుపుస్తకంలో అంకెలు ఇకపై అక్షరాల్లో రాస్తున్నాను: ఐదవ కోర్, నాలుగు.