అప్‌డేట్: నైట్ షిఫ్టుల తర్వాత మొహాలు గుర్తుపట్టలేకపోవడం
పోయిన నెల అడిగాను కదా, వరసగా ఐదు నైట్ షిఫ్టులు చేసి నేరుగా పెళ్లికి వెళ్తే సొంత మేనమామనే గుర్తుపట్టలేకపోయాను, ఇదేమైనా జబ్బా అని. డాక్టర్‌ని కలిశాను. ప్రోసోపాగ్నోసియా అనే, మొహాలు గుర్తుపట్టలేని జబ్బయితే నిద్రపోయినంత మాత్రాన పోదట. నాకేమో రెండు వారాలు సరిగ్గా పడుకున్నాక తేడా తెలిసిపోయింది. నిద్ర చాలకపోతే ధ్యాస నిలవదు, పైగా పెళ్లి గుంపులో ఒక్కో మొహం మీద చూపు ఆగేది క్షణమే, ఒక్కరే ఎదురుగా ఉంటే గొంతు, నడక కూడా సాయం చేస్తాయి. గమ్మత్తేంటంటే, కంపెనీ గేటు దగ్గర ఐడీ కార్డు ఫొటోలు చూసేది నేనే! అదీ నా టెన్షన్. ఇప్పుడు తెల్లవారుజామున అనుమానమొస్తే పక్కనున్న అతన్నీ చూడమంటున్నా, ఎవరికి వాళ్లం తేల్చుకున్నాకే ఒకరికొకరం చెప్పుకుంటాం. మామయ్య మాత్రం ఇంకా అలకమీదే ఉన్నాడు.