వంటగట్టు మీది ‘కడప్పా’ మన కడపేనా?

ప్రశ్న (ఎర్రగుంట్ల, ప్రస్తుతం పుణె):
నమస్కారం. ఇక్కడ మా ఇంటికి వంటగట్టు కట్టించేటప్పుడు మేస్త్రీ, “గ్రానైట్ వద్దనుకుంటే కడప్పా వేద్దాం” అన్నాడు. తెప్పించి చూస్తే అది మా ఊళ్లో వాకిట పరిచే నల్లని రాయే. మా ఇళ్లలో దానిని బండ అనో, నాపరాయి అనో అంటారే తప్ప ఊరి పేరుతో పిలవగా నేను వినలేదు. మరాఠీలోని ఈ మాట మన కడపేనా? ఆ కడప ఇంటి గడప నుంచే వచ్చిందా?

జవాబు 1 (కడప):
రెంటికీ అవుననే నా సమాధానం. ఉత్తరం నుంచి తిరుమలకు నడిచివెళ్లే యాత్రికులు ముందుగా దేవుని కడపలో లక్ష్మీ వేంకటేశ్వరుని దర్శించుకునేవారని, అందుకే ఈ ఊరు కొండకు తొలి గడప అయిందని మా పెద్దలు చెబుతారు. కడప, గడప అనే రెండు రూపాలకూ నిఘంటువుల్లో ద్వారబంధం కింది కమ్మీ అనే అర్థమే ఉంది. పండుగనాడు పసుపు పూసి బొట్లు పెట్టే ఆ కమ్మీ పేరు ఒక ఊరికి నిలిచిపోవడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. రాయికి ఊరి పేరు రావడమంటారా, సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో కొనేవాడికి చెప్పాలి గానీ పుట్టినచోట ఆ అవసరమేముంది? తమిళులూ దానిని కడప్పా కల్ అనే అంటారు.

జవాబు 2 (కర్నూలు):
మా ఊరి కథ కూడా ఇలాంటిదే. అలంపురం ఆలయాలకు రాళ్లు మోసే బండ్లు తుంగభద్ర దాటబోయే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన వేసుకునేవని, అందువల్ల కందనవోలు అన్న పేరు వచ్చిందని చెబుతారు. అదే కర్నూలయింది.

జవాబు 3 (అనంతపురం, భూగర్భశాస్త్ర అధ్యాపకుడు):
ఈ పేరు శాస్త్రంలోకి కూడా వెళ్లింది. భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ 1872లో ప్రచురించిన గ్రంథం పేరులోనే కడప, కర్నూలు శిలాశ్రేణులు రెండూ ఉన్నాయి. ప్రశ్న అడిగినవారు గమనించదగిన విషయం ఒకటుంది: ఎర్రగుంట్ల ప్రాంతపు పలకరాయి నార్జి సున్నపురాయి, అది కడప శ్రేణిపై పరుచుకున్న కర్నూలు శ్రేణికి చెందినది. అంటే బజారులో కడప పేరుతో అమ్ముడయ్యే ఆ రాయి శాస్త్రం లెక్కలో కర్నూలుది. 2005లో జిల్లా పేరు ఆంగ్ల వర్ణక్రమాన్ని ప్రభుత్వం మన ఉచ్చారణకు దగ్గరగా మార్చినప్పటికీ, శిలలకు మాత్రం పాత వర్ణక్రమమే వాడుకలో ఉంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. కడప అంటే మీ ఉంబరఠాయే (మరాఠీలో గడప) అని మేస్త్రీకి చెప్పాను. వంటగట్టుతో పాటు వీధి గుమ్మం గడపకు కూడా ఆ రాయినే వేయిస్తున్నాను.