బరువు తగ్గించే ఇంజెక్షన్ ఏడాదికి పైగా వాడినవాళ్లున్నారా?

మా అక్కకి 46 ఏళ్లు, గుంటూరులో ఉంటుంది. మొదట్లో 98 కిలోలు, షుగర్, బీపీ, మెట్లెక్కాలంటే మోకాళ్లు పట్టేసేవి. నడక, చపాతీలు, రాత్రి పస్తులు అన్నీ అయ్యాయి. తగ్గడం, మళ్లీ పెరగడం. చివరికి ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) వారానికోసారి వేసుకునే టిర్జెపటైడ్ ఇంజెక్షన్ రాశారు. 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 5కి పెంచారు. బరువు బాగా తగ్గింది, షుగరూ అదుపులోకొచ్చింది.

ఇప్పుడు ఇంట్లో అందరూ "తగ్గావు కదా, ఇక ఆపెయ్" అంటున్నారు. డాక్టరుగారేమో ఊబకాయం కూడా బీపీలాంటి దీర్ఘకాలిక జబ్బేనని, మందు ఆపితే ఆకలి తిరిగొచ్చి చాలామందికి బరువు మళ్లీ పెరుగుతుందని చెబుతున్నారు. నాకు ఆయన మాటే సబబనిపిస్తోంది. నోరు కట్టుకోలేదని అక్కని ఏళ్ల తరబడి అన్న మాటలు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

డాక్టరు సలహాతోనే డోసు తగ్గించి కొనసాగించినవాళ్లు, లేదా ఆపేసినవాళ్లు ఉంటే ఏం జరిగిందో చెప్పండి. నెలనెలా ఖర్చు ఎలా సర్దుకుంటున్నారు?

ఇంకోటి. అక్క శాకాహారి. రెండు ముద్దలు పప్పన్నం తినేసరికి కడుపు నిండిపోయిందంటుంది, పెరుగు గిన్నె అలాగే ఉండిపోతుంది. కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుందట, ప్రొటీన్ తగ్గకూడదన్నారు. పెసరట్టు, పనీరు కొంచెం కొంచెంగా పెడుతున్నాం. వికారం, మలబద్ధకం ఉన్న రోజుల్లో మీరు ఏం తినేవారు?