"నాన్నా, ఈసారి ఎంత?" అని అడిగే అమ్మాయి

పెన్నాతీరం (నెల్లూరు):
మా అమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుతోంది. ఆరవ తరగతిలో ఉన్నప్పుడు, బడిలో ఇంకా మొదలుపెట్టని లెక్కల పాఠాలను కూడా తనంతట తానే తిరగేసేది. చిక్కు లెక్క ఒకటి దొరికితే అన్నానికి పిలిచినా వినిపించుకునేది కాదు. ఆ ఉత్సాహాన్ని ఇంకాస్త పెంచుదామన్న ఆశతో, 90 మార్కులు దాటినప్పుడల్లా 200 రూపాయలు ఇవ్వడం నేనే మొదలుపెట్టాను. ఇప్పుడు పరీక్ష తేదీ తెలియగానే "నాన్నా, ఈసారి ఎంత?" అని అడుగుతోంది. పరీక్షకు రాని పాఠం జోలికే వెళ్లడం లేదు. పైగా అంతా వచ్చునంటుంది, మార్కులు చూస్తే అలా ఉండవు. డబ్బు ఆపితే చదువు కూడా ఆగిపోతుందేమోనని భయంగా ఉంది.

ఒంగోలు పంతులు:
అయ్యా, 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు, బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టమున్న 3 నుంచి 5 ఏళ్ల పిల్లలపై ఒక ప్రయోగం చేశారు. గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందుగా మాట ఇచ్చిన పిల్లలు, కొన్నాళ్ల తరువాత ఖాళీ సమయంలో గీయడానికి వెచ్చించిన కాలం తక్కిన పిల్లలతో పోలిస్తే దాదాపు సగమే. ముందు చెప్పకుండా, గీశాక ఇచ్చిన జట్టులో ఆ తగ్గుదల కనబడలేదు. అంటే చెరుపు బహుమతిలో కన్నా బేరంలోనే ఎక్కువగా ఉన్నదని నాకు తోస్తుంది.

నిమ్మతోట (పొదలకూరు):
పంతులు గారితో చిన్న పేచీ. ఇష్టం ముందే ఉన్న పిల్లల సంగతి అది. ఇష్టమే లేనివాడి మాటేమిటి? నేను ఎక్కాలు నేర్చుకున్నది మా తాతయ్య ఇచ్చే జీళ్ల కోసమే. పెద్దయ్యాక నిమ్మకాయల బస్తాల లెక్క నోటితోనే వేస్తుంటే, ఆ ఎక్కాలమీద మమకారం పుట్టింది. కాకపోతే మీ అమ్మాయికి ఇష్టం ముందే ఉంది కనుక, నా జీళ్లు ఆమెకు పనికిరావు.

పలకాబలపం (కందుకూరు):
డబ్బు కన్నా "అంతా వచ్చు" అన్న మాటే నన్ను ఆలోచింపజేసింది. రోడిగర్, కార్పిక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని పదేపదే చదివిన విద్యార్థులే తమకు బాగా గుర్తుంటుందని అనుకున్నారు. వారం తరువాత చూస్తే, చదివినదాన్ని చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారికే ఎక్కువ గుర్తుంది. కళ్లకు అలవాటైన పేజీ వచ్చినట్టే అనిపిస్తుంది. అందుచేత పుస్తకం మూసి, పలకమీదనో కాగితంమీదనో రాసి చూసుకోమనండి. పరీక్ష రాసి ఇంటికి రాగానే ఎన్ని మార్కులు వస్తాయో ఆమె చేతనే రాయించి దాచండి. తేడా ఎంతో ఆమే చూసుకుంటుంది, మీరు ఏమీ అనవలసిన పని లేదు.

పెన్నాతీరం:
అలాగే చేశాను. 25కు 18 వస్తాయని రాసింది, 11 వచ్చాయి. తను డబ్బు మాట ఎత్తలేదు. ఆ 7 ఎక్కడ పోయాయోనని రాత్రి పది దాకా జవాబుపత్రం ముందు కూర్చుంది. 200 రూపాయలు ఇక లేవన్న సంగతి మాత్రం నేనింకా చెప్పలేదు. ఆదివారం చెబుదామనుకుంటున్నాను.