“కొంచెములో”నా, “ఈ కొంచెములో”నా?

మా నాన్న తరచూ అనే వాక్యం ఒకటి వారం నుంచీ నా నాలుక మీదే ఉంది: “కొంచెములో నమ్మకముగా ఉంటివి గనుక నీ యజమానుని సంతోషములో పాలుపొందుము.” తీరా బైబిలు తెరిచి చూస్తే మత్తయి సువార్త 25లో, యజమాని దాసులకు సొమ్ము అప్పగించి వెళ్లి, తిరిగొచ్చి లెక్క అడిగే కథలో, “గనుక” లేదు. పైగా “ఈ కొంచెములో” అని ఉంది. నాన్న మాట మార్చి చెప్పే మనిషి కాదు. ఏదైనా పాత అనువాదంలో ఇలా ఉందా?

—

“గనుక” లూకా సువార్త 19లో ఇలాంటి కథలోది: “ఈ కొంచెములో నమ్మకముగా ఉంటివి గనుక పది పట్టణములమీద అధికారివై యుండుము.” నాన్నగారు రెండూ కలిపి ఉంటారు. నన్ను పట్టుకున్నది ఆ “ఈ”. మూలమైన గ్రీకులో రెండు చోట్లా లేదు. మత్తయిలో “కొద్దివాటి మీద”, లూకాలో “అత్యల్పమైనదానిలో”, అంతే. మనవాళ్లు ఎందుకు చేర్చినట్టు?

—

చేర్చకపోతే తెలుగు కుదరదు. “కొంచెంలో తప్పిపోయింది” అంటాం కదా, ఉత్త “కొంచెములో” అనగానే చెవికి ముందు ఆ అర్థమే తగులుతుంది. లూకా 16:10లో “మిక్కిలి కొంచెములో” అన్నారు. అక్కడ “మిక్కిలి” కాపు కాసింది, ఇక్కడ “ఈ” కాస్తోంది.

—

వ్యాకరణం సరే మాస్టారూ, అర్థం కూడా చూడండి. మత్తయిలో యజమాని ముగ్గురు దాసులకు ఇచ్చినవి ఐదు, రెండు, ఒకటి తలాంతులు. తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు. దేనారం ఒక రోజు కూలి. ఐదు తలాంతులంటే 30,000 రోజుల కూలి! ఒక జన్మలో చేతికి రాని సొమ్ము. దాన్ని పట్టుకుని యజమాని “ఈ కొంచెము” అంటున్నాడు. అతని లెక్కలో అది కొంచెమే అని చెబుతున్నది ఆ ఒక్క అక్షరమే. లూకాలో ఒక్కొక్కరికి ఒక మినా, అంటే తలాంతులో 60వ వంతు. అక్కడ కొంచెం నిజంగా కొంచెమే. నా మటుకు ఆ “ఈ” మత్తయిలోనే సొంతింట్లో ఉంది.

—

అందరూ “ఈ” దగ్గరే ఆగిపోయారు. అసలు అందం “పాలుపొందుము”లో ఉంది. గ్రీకులో “సంతోషంలోకి ప్రవేశించు” అనే ఉంది. మనవాళ్లు దాన్ని వాటా చేశారు. పాలివాడు అంటే దాయాది. దాసుణ్ణి పిలిచి పాలివాణ్ణి చేయడం కంటే పెద్ద బహుమానం ఏముంటుంది? పాలికాపులో ఉన్నదీ ఈ పాలే అని నా ఊహ. ఐదు తలాంతులవాడికీ రెండు తలాంతులవాడికీ ఒకటే దీవెన, ఒకటే పాలు. అది మరిచిపోకండి.

—

జాషువా గారి పద్యాల మీద పెరిగినవాణ్ణి, ఒక మాట చెప్పక ఆగలేను. క్రీస్తు చరిత్రను పద్యాల్లో రాసి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న కవి. యజమాని మాట “భళా, నమ్మకమైన మంచి దాసుడా” అని మొదలవుతుంది. దాన్ని పద్యం చేయాలంటే మొదటి మాటే అడ్డు. “భళా” లఘువు, గురువు. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం ఏదీ అలా మొదలుకాదు. కందం, సీసం, తేటగీతి, ఆటవెలది కూడా కావు. “భళి” అని కుదించుకోవాలి, లేదా “మంచి దాసుడా” దగ్గర ఎత్తుకోవాలి. రాత్రంతా గణాలు కట్టి చూశాను, ఆ దీర్ఘం పోతే మెచ్చుకోలు సగమైపోతోంది.

—

దీర్ఘం సంగతి ఒప్పుకుంటాను. కానీ “నమ్మకముగా” అన్నది ఎవరూ ముట్టుకోలేదు. నమ్మేవాడా, నమ్మదగినవాడా? గ్రీకు పిస్టోస్‌కు రెండర్థాలూ ఉన్నాయి, మన నమ్మకానికీ ఉన్నాయి. ఒక్క తలాంతు అందుకున్న మూడోవాడు యజమానిని “కఠినుడవు” అన్నాడు, అంటే అతణ్ణి నమ్మలేదు. అందుకే తలాంతును పాతిపెట్టాడు. నమ్మనివాడు నమ్మకంగా ఉండలేకపోయాడు.

—

అది 1 కొరింథీ 4:2తో కలిపి చదవాలండీ, “గృహనిర్వాహకులలో ప్రతివాడును నమ్మకమైనవాడైయుండుట అవశ్యము.” అక్కడ నమ్మదగినవాడనే అర్థం ఒక్కటే కుదురుతుంది.

—

అందరికీ కృతజ్ఞతలు. “పాలివాడు” చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. కానీ నాన్న “గనుక” దగ్గర ప్రతిసారీ ఒక క్షణం ఆగేవారు, చదివిన వాక్యాన్ని అప్పజెప్పినట్టు. పాత ప్రతులు ఉన్నవారు ఒక్కసారి 21, 23 వచనాలు చూసి చెబుతారా?