‘శతగుణే’నా, ‘శతగుణైః’ అనా?

గోదారిగట్టు: నీలమణి మీద మా తాతగారు చదివే శ్లోకంలో ఒక్క పాదం చెవిలో తిరుగుతోంది. “క్షీరే శతగుణైః స్థితః”. పాలు నీలమవుతాయని భావం. మిగతా పాదాలు ఎవరికైనా వచ్చా?

యతిభంగం: గరుడపురాణం, రత్నపరీక్ష.
“యస్తు వర్ణస్య భూయస్త్వాత్ క్షీరే శతగుణే స్థితః
నీలతాం తన్నయేత్ సర్వం మహానీలః స ఉచ్యతే”
గుణైః కాదండీ, గుణే. తనకు నూరు రెట్లున్న పాలనూ నీలం చేసేది మహానీలం.

గోదారిగట్టు: తాతగారు ఐకారం ఒత్తి మరీ పలికేవారు. నూరు గుణాలతో ఉన్నదని అన్వయం కుదరదా?

కందగర్వి: ఛందస్సు సాయం రాదిక్కడ. ఆరో అక్షరం గురువు కావాలి, ణే అయినా ణైః అయినా గురువే. ‘స్థి’ ముందు విసర్గ లోపించనూ వచ్చు. కానీ గుణైః అంటే ‘సర్వం’ చప్పబడిపోతుంది. నూరు రెట్ల పాలుంటేనే ‘మొత్తం’ అన్న మాటకు బలం.

యతిభంగం: నేనూ అదేగా అన్నది.

కందగర్వి: మీరు పాఠం ఇచ్చారు మాస్టారూ, కారణం ఇవ్వలేదు.

గాజుపూస: మాది నగల వ్యాపారం. పాలలో వేసి చూపించమని ఇప్పటికీ అడుగుతారు. నీలం కురువిందం (కోరండం అనే ఖనిజం) జాతి, వజ్రం తర్వాత అంత గట్టిది. పాలలో రంగెక్కడ దిగుతుంది? ఇనుము, టైటానియం కలిసి రాయి లోపల తెచ్చిన రంగు అది. క్రోమియం ఉంటే అదే జాతి రాయి కెంపవుతుంది. చిక్కటి పాలలో వేస్తే రంగు సంగతి అటుంచి, అసలు రాయే కనబడదు.

యతిభంగం: మా పాలవాడి పాలకు రాయి అక్కర్లేదు, వచ్చేటప్పుడే నీలంగా వస్తాయి.

తాళపత్రం: అసలు నీలానికి ఇంగ్లీషు పేరు సఫైర్ అన్న మాటే మన ‘శనిప్రియ’ నుంచి పోయిందని కొందరంటారు.

కందగర్వి: ఆ శనిని ఇక్కడికి తేకండి బాబూ. రోమన్ రచయిత ప్లినీ వర్ణించిన సఫైరస్‌లో బంగారు చుక్కలుంటాయి. అది లాపిస్ లజూలీ అనే వేరే నీలి రాయి, మన రాజావర్తం. పేరు నీలానికి తర్వాత అంటుకుంది.

పదసేవ: పాలంటే నాకు అన్నమయ్య ‘ముద్దుగారే యశోద’ కీర్తనే. “ఏలేటి శ్రీవేంకటాద్రి ఇంద్రనీలము, పాలజలనిధిలోన పాయని దివ్యరత్నము”. నీలం అనగానే వెంటనే పాలు! ఆయనకు ఈ పరీక్ష తెలియకుండా ఆ రెండు పాదాలూ పక్కపక్కన పడతాయా? పాయని, అంటే పాలను ఎడబాయని నీలం. ఒళ్లు జలదరిస్తుంది నాకైతే.

యతిభంగం: ఆ చరణం పాదాల మొదళ్లలో ప్రాస చూడండి. కాళింగుని, ఏలేటి, పాలజలనిధి, బాలునివలె. లకారం కోసం వచ్చిన పాలు.

పదసేవ: లకారమే కావాలంటే నేల లేదా, మేలు లేదా?

యతిభంగం: విష్ణువు పడుకునేది పాలకడలిలో అమ్మా, నేల మీద కాదు.

కందగర్వి: ఇంకో చిక్కుంది. పాల పరీక్ష మహానీలానిది. ఇంద్రనీలానికి అదే పురాణం వేరే గుర్తు చెప్పింది, “యస్య మధ్యగతా భాతి నీలస్యేంద్రాయుధప్రభా”. మధ్యలో ఇంద్రధనుస్సు కాంతి. అన్నమయ్య ఇంద్రనీలమనే అన్నాడు.

తాళపత్రం: ఇంద్రాయుధమంటే వజ్రాయుధం కూడా. స్టార్ సఫైర్‌లో ఆరు రేకుల మెరుపు అదే!

గాజుపూస: ఆ నక్షత్రం లోపలున్న రూటైల్ అనే ఖనిజపు సూదుల వల్ల వస్తుంది, తెల్లగా ఉంటుంది. హరివిల్లు రంగులుండవు.

తాళపత్రం: మెరుపు తెల్లగానే ఉంటుంది కదండీ. నేనంటున్నదీ అదే.

పదసేవ: అదే చరణంలో “కాళింగుని తలలపై కప్పిన పుష్యరాగము” ఉంది. గాజుపూస గారూ, కనకపుష్యరాగం కూడా కురువిందమేగా? ఒక్క జాతి రాళ్లు రెండూ ఒకే చరణంలో!

గాజుపూస: కనకపుష్యరాగమైతే నిజమే. ఉత్త పుష్యరాగమంటే మా కొట్లో టోపాజ్ చూపిస్తాం, అది వేరే ఖనిజం. అన్నమయ్య నాడు దేన్ని పుష్యరాగమన్నారో ముందు చెప్పండి.

కందగర్వి: దీనికి వేరే పోస్టు పెట్టండి, నాకూ ఒక వాదం ఉంది.